హన్మకొండ గడప నుంచి డాలస్ గడప దాకా: విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టే పద్ధతి

"మా బిడ్డ దగ్గరికి పోతున్నం, మొత్తం ఎన్ని గంటలు పడ్తది?" నయీంనగర్‌లో, కాజీపేటలో, కరీంనగర్‌లో ఉన్న చుట్టాలంతా నన్ను అడిగే ప్రశ్న ఇదే. ఒకాయన టికెట్ చూపించి, "పొద్దున 4కు ఎక్కి సాయంత్రం 5కు దిగుతున్నం, పదమూడు గంటలేగా?" అన్నాడు. ఆయన బీపీ, షుగర్ మాత్రలు కూడా ఆ పదమూడు గంటల లెక్కతోనే చేతిసంచిలో సర్దుకున్నాడు. విమానంలో ఉండేదే ఇరవై గంటలని చెప్పాక మళ్లీ సంచి విప్పాల్సి వచ్చింది.

ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు. వరస తప్పకుండా చేస్తే చాలు. ఉదాహరణకు శంషాబాద్–దుబాయ్–డాలస్ ప్రయాణం తీసుకుంటాను. టైములు లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి, మీవి మీ టికెట్ చూసి రాసుకోండి.

1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఈ-టికెట్ ప్రింటు. ఫోన్లో ఉన్నా సరే, ప్రింటు తీయండి. దాని మీద పెన్నుతో రాయాలి.
- ఎక్కే, మారే, దిగే ఎయిర్‌పోర్టుల పూర్తి పేర్లు. "న్యూయార్క్" అని ఊరి పేరు రాసుకుంటే చాలదు, ఆ ఊరికి ఒకటికి మించి ఎయిర్‌పోర్టులున్నాయి.
- ప్రయాణం తేదీ. ఏ నెల అన్నది టైము లెక్కను మారుస్తుంది, ఎలాగో 4లో చెప్తాను.
- సైంటిఫిక్ క్యాలిక్యులేటర్. ఫోన్లో ఉన్నదే అడ్డంగా తిప్పితే చాలావాటిలో వస్తుంది.
- ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే అదీ, ఒక మూరెడు దారం.

2. దూరం కొలవడం

గోడ మీది ప్రపంచ పటంలో స్కేలు పెట్టి గీత గీస్తే తప్పు వస్తుంది. గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచిన పటం అది, ఉత్తరానికి పోయినకొద్దీ సాగిపోతుంది. గ్లోబు మీద దారం బిగించి లాగండి. దారం పడుకున్న దారే అసలు దగ్గరి దారి.

శంషాబాద్ నుంచి డాలస్‌కు దారం లాగితే చూసినవాళ్లు నమ్మరు. అది పడమరకు పోదు. దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి లేచి, ఆర్మూర్, నిర్మల్ ప్రాంతాల మీదుగా, అంటే మన 44వ నంబరు హైవే పోయే దిక్కునే పోతుంది. ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కి.మీ. పక్కనుంచి అవతలికి దిగుతుంది. అమెరికా అంటే మనకు పడమర అనిపిస్తుంది కానీ, డాలస్ మనకు భూగోళం వెనక వైపు ఉంది.

అంకెల్లో కావాలంటే రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశం, రేఖాంశం తీసుకోండి.

- శంషాబాద్: 17.24 ఉత్తరం, 78.43 తూర్పు
- దుబాయ్: 25.25 ఉత్తరం, 55.36 తూర్పు
- డాలస్: 32.90 ఉత్తరం, 97.04 పడమర

లెక్క ఇలా చేయాలి:

1. రెండు అక్షాంశాల సైన్ (క్యాలిక్యులేటర్‌లో sin మీట) విలువల్ని గుణించండి. శంషాబాద్–దుబాయ్‌కి 0.2964 × 0.4266 = 0.1264.
2. రెండు అక్షాంశాల కొసైన్లనూ (cos మీట), రేఖాంశాల తేడా (23.07) కొసైన్‌నూ, మూడింటినీ గుణించండి. 0.9551 × 0.9045 × 0.9200 = 0.7947.
3. రెండూ కూడండి: 0.9211.
4. దానికి ఇన్వర్స్ కొసైన్ (cos⁻¹ మీట) నొక్కండి: సుమారు 22.9 డిగ్రీలు.
5. 111.2తో గుణించండి, ఒక డిగ్రీకి భూమి మీద అన్ని కి.మీ. మరి. సుమారు 2,550 కి.మీ.

ఇదే పద్ధతిలో దుబాయ్–డాలస్ సుమారు 12,920 కి.మీ. శంషాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా అయితే 14,420.

ఇక్కడ జరిగే తప్పులు రెండు. క్యాలిక్యులేటర్ రేడియన్లలో (కోణానికి ఇంకో కొలత, RAD) ఉంటే జవాబు పిచ్చిపిచ్చిగా వస్తుంది, డిగ్రీల్లోకి (DEG) మార్చండి. రెండోది, పడమర రేఖాంశానికి మైనస్ పెట్టడం మర్చిపోవడం. డాలస్ 97.04కు మైనస్ పెట్టకపోతే అది టిబెట్ పీఠభూమిలోకి వచ్చి పడుతుంది, దూరం కూడా దుబాయ్ అంతే, 2,550 దగ్గర తేలుతుంది. అంకె నమ్మదగ్గట్టే కనపడుతుంది కాబట్టి ఇదే ఎక్కువ ప్రమాదం.

సీటు ముందు తెర మీద కనపడే అంకె మైళ్లలోనా, కి.మీ.లోనా చూసుకోండి. మైలుకు 1.609 కి.మీ., విమానాలవాళ్లు వాడే నాటికల్ మైలుకు 1.852.

"దుబాయ్ మీదుగా పోతే చుట్టు తిరుగుడు కదా, లండన్ మీదుగా అయితే దారిలోనే" అని చాలామంది అంటారు. లెక్కేసి చూడండి. దుబాయ్ మీదుగా 2,550 + 12,920 = 15,470. లండన్ మీదుగా 7,750 + 7,630 = 15,380. తేడా వంద కి.మీ. కూడా లేదు, విమానానికి అది ఆరేడు నిమిషాలు. కాబట్టి దూరం చూసి దారి ఎంచుకోకండి. మధ్యలో ఎంతసేపు ఆగాలి, ఎంత ధర, ఏ వేళకు దిగుతారు అన్నవి చూడండి.

3. దూరాన్ని గంటల్లోకి మార్చడం

పెద్ద జెట్ విమానం పైన గంటకు 900 కి.మీ. అటూఇటూగా పోతుంది. కానీ రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం, దిగాక గేటు దాకా రావడం కూడా టికెట్ టైములో కలిసే ఉంటాయి. నేను వాడే మోటు లెక్క ఇది: కి.మీ.ను 850తో భాగించి, ఒక్కో విమానానికి 45 నిమిషాలు కలపండి.

- శంషాబాద్–దుబాయ్: 2,550 ÷ 850 = 3 గంటలు, 45 నిమిషాలు కలిపితే 3:45
- దుబాయ్–డాలస్: 12,920 ÷ 850 = 15:12, కలిపితే 15:57

టికెట్ మీది టైముకు ఇది పావుగంట, అరగంట తేడాలో సరిపోతుంది. గంటకు పైగా తేడా వస్తే మూడు కారణాలు వెతకండి.

ఒకటి గాలి. పది, పన్నెండు కి.మీ. ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది, చలికాలంలో మరీ ఉధృతంగా. అందుకే పోయేటప్పటి కన్నా వచ్చేటప్పుడు టైము తగ్గుతుంది. దుబాయ్–డాలస్ మధ్య ఈ తేడా గంట నుంచి గంటన్నర దాకా ఉంటుంది.

రెండోది దారి మూసేయడం. పాకిస్తాన్ 2025 ఏప్రిల్ చివర్లో భారత విమాన సంస్థలకు తన గగనతలం మూసింది. 2022 నుంచి యూరప్, అమెరికా సంస్థలకు రష్యా మీదుగా దారి లేదు. ఒకే రెండు ఊళ్ల మధ్య ఒక కంపెనీకి పది గంటలు, ఇంకో కంపెనీకి పన్నెండు గంటలు చూపిస్తే ఇదే కారణం కావచ్చు.

మూడోది, మీరు టైము తేడాను తప్పుగా లెక్కేసి ఉండడం. నేను చూసినంతలో పదింటికి ఎనిమిదిసార్లు ఇదే.

4. అన్ని టైములనూ మన గడియారంలోకి తేవడం

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. శంషాబాద్‌లో ఎక్కే టైము మనది, డాలస్‌లో దిగే టైము వాళ్లది. ఈ రెండింటినీ నేరుగా తీసివేయకూడదు. మొదట్లో చెప్పిన పదమూడు గంటల లెక్క అక్కడే పుట్టింది.

ప్రింటు మీద ప్రతి టైము పక్కనా మన టైము రాసుకుంటూ పోండి. దానికి ఈ తేడాలు తెలిస్తే చాలు:

- దుబాయ్, అబుదాబి, మస్కట్: మనకన్నా 1:30 వెనక
- సౌదీ, ఖతర్, కువైట్, బహ్రెయిన్: 2:30 వెనక
- లండన్: ఎండాకాలం 4:30, చలికాలం 5:30 వెనక
- న్యూయార్క్, అట్లాంటా: 9:30, చలికాలం 10:30 వెనక
- డాలస్, చికాగో: 10:30, చలికాలం 11:30 వెనక
- శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్: 12:30, చలికాలం 13:30 వెనక
- సింగపూర్: 2:30 ముందు

గల్ఫ్ దేశాలవాళ్లు, మనం గడియారం ఏడాది పొడవునా ముట్టుకోం. అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తాయి. బ్రిటన్‌లో అది మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. అంటే మార్చిలో రెండు మూడు వారాలు అమెరికా మారిపోయి ఉంటుంది, లండన్ మారి ఉండదు. ఆ వారాల్లో ప్రయాణమైతే రెండుసార్లు సరిచూసుకోండి.

ఇప్పుడు ఉదాహరణ. జూన్ 15 ప్రయాణం, అంటే డాలస్ మనకన్నా 10:30 వెనక.

- శంషాబాద్ నుంచి బయల్దేరేది 04:20. మన టైమే.
- దుబాయ్‌లో దిగేది 06:40. మన టైము 08:10. విమానంలో 3:50.
- దుబాయ్ నుంచి లేచేది 09:40. మన టైము 11:10. ఆగింది 3:00.
- డాలస్‌లో దిగేది అదే 15న 16:45. మన టైము 16వ తేదీ తెల్లవారుజాము 03:15. విమానంలో 16:05.

మొత్తం 22:55. టికెట్ మీద మాత్రం "15న పొద్దున ఎక్కి 15న సాయంత్రం దిగాం" అని కనపడుతుంది. వెనకున్న దేశానికి పోతున్నప్పుడు రోజు సాగుతుంది.

మాత్రలు వేసుకునే వాళ్లకు ఈ మన-టైము వరుసే ఆసరా. చేతి గడియారాన్ని డాలస్ చేరేదాకా మార్చకండి. ఫోను తనంతట తానే మారిపోతుంది కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఈ వరుస రాసిన కాగితం డాక్టరుకు చూపించి, ఏ పూట ఎంత అన్నది ముందే రాయించుకోండి.

5. అర్ధరాత్రి తేదీ

మన దగ్గర ఎక్కువమంది తప్పేది ఇక్కడే. శంషాబాద్ నుంచి విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి, తెల్లవారుజామునే. టికెట్ మీద "15వ తేదీ 00:50" అని ఉంటే మన మాటలో అది 14వ తేదీ రాత్రి. మనకు తెల్లారితేనే తేదీ మారుతుంది, ఎయిర్‌పోర్టుకు అర్ధరాత్రి పన్నెండుకే మారుతుంది.

మా బావమరిది 15న సాయంత్రం దావత్ పెట్టుకుని, అందరితో భోజనం చేసి, రాత్రి కారెక్కాడు. జనగామ దాటాక నేను టికెట్ చూశాను. విమానం అప్పటికే పోయి దాదాపు ఇరవై గంటలైంది.

సవరణ సులువు. టికెట్ మీద టైము 00:00 నుంచి 05:59 మధ్య ఉంటే, ఎర్ర పెన్నుతో పక్కన "ముందు రోజు రాత్రే ఇల్లు కదలాలి" అని రాయండి. క్యాలెండర్‌లో కూడా ఆ ముందు రోజునే గుర్తు పెట్టండి. డ్రైవర్‌కు చెప్పేటప్పుడు తేదీతో పాటు వారం పేరు కూడా కలిపి చెప్పండి: "ఆదివారం రాత్రి, తెల్లారితే సోమవారం."

6. మధ్యలో మారే చోటు

డాలస్‌కు ఎక్కడో ఒకచోట విమానం మారక తప్పదు. ఆ ఆగే సమయం తక్కువుంటే మంచిదని అనుకుంటారు. పెద్దవాళ్లకు గంటంబావు ఉంటే పరుగే. వీల్‌చైర్ అడిగినవాళ్లకైతే రెండున్నర, మూడు గంటలు ఉండేట్టు చూస్తాను. ఆరు దాటితే కుర్చీల్లో నడుములు పడిపోతాయి.

- రెండు విమానాలూ ఒకే బుకింగ్ నంబరు మీద ఉన్నాయా? ఉంటే మొదటిది ఆలస్యమైనా తర్వాతిది చూపించే బాధ్యత వాళ్లది. వేర్వేరుగా కొంటే మొత్తం మీ మీదే, లగేజీ కూడా మీరే తీసి మళ్లీ వేయాలి, కొన్ని దేశాల్లో అందుకు వీసా కూడా కావాల్సి వస్తుంది.
- మారేది ఒకే ఎయిర్‌పోర్టులోనా, టెర్మినల్ మారాలా?
- అమెరికాలోనే మారుతున్నారా? మామూలుగా అయితే మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవుతుంది, పెట్టెలు అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. మూడు గంటలకు తక్కువ ఉంటే ఆ టికెట్ వద్దు.

7. ఇంటి నుంచి శంషాబాద్: వెనక నుంచి ముందుకు

వరంగల్ పక్కనున్న మామునూరులో విమానాలు ఎగిరేదాకా మన ప్రయాణం కారులోనే మొదలు. ఇక్కడ లెక్క వెనక నుంచి చేయాలి.

- విమానం 04:20
- ఎయిర్‌పోర్టులో ఉండాల్సింది మూడు గంటల ముందు: 01:20. చాలా విమానాలకు చెకిన్ గంట ముందే మూసేస్తారు, ఆ తర్వాత బతిమాలినా తెరవరు.
- హన్మకొండ నుంచి సుమారు 170 కి.మీ. జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్. 3:15 అనుకోండి.
- పంక్చర్, టోల్‌గేటు, చాయ్, మర్చిపోయిన పాస్‌పోర్టు: 45 నిమిషాలు.
- ఇల్లు కదలాల్సింది ముందు రోజు రాత్రి 21:20.

కరీంనగర్ వాళ్లు రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, శామీర్‌పేట దాటి అవుటర్ ఎక్కుతారు. నిజామాబాద్ వాళ్లు కామారెడ్డి, మేడ్చల్ మీదుగా వస్తారు. ఇద్దరికీ నాలుగు గంటలు వేసుకోవడం మేలు. ఆదిలాబాద్ నుంచి 300 కి.మీ. దాటుతుంది, ఆరు గంటలకు తక్కువ వేసుకోకండి.

రైలు చవకే. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రెండు గంటల చిల్లర. అక్కడి నుంచి పుష్పక్ బస్సో క్యాబో ఎక్కి ఇంకో గంట, గంటన్నర. మీ రైలు సికింద్రాబాద్ దాకా పోతుందా, చర్లపల్లిలోనే ఆగుతుందా చూసుకోండి. మనిషికి రెండు పెద్ద పెట్టెలుంటే మాత్రం నేను రైలు మాట ఎత్తను.

ఇక ముహూర్తం. వర్జ్యం, రాహుకాలం చూసేవాళ్లను వద్దనను. ఆ టైముకు ఒక సంచితో గడప దాటి, పక్కింట్లోనో గుడిలోనో పెట్టి రండి, మన పెద్దవాళ్లు చేసేదదే. కారు మాత్రం పైన వచ్చిన లెక్క ప్రకారమే కదలాలి.

ఇప్పుడు గడప నుంచి గడపకు కూడండి. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు 4:00, అక్కడ 3:00, విమానాలూ మారడమూ 22:55, దిగాక ఇమిగ్రేషన్, పెట్టెలు, బిడ్డ ఇంటికి కారు 2:30. మొత్తం 32:25. ఇందులో విమానాల్లో ఉండేది 19:55. మిగతా పన్నెండున్నర గంటలకూ, మీరు కష్టపడి కొలిచిన ఆ కి.మీ.కూ సంబంధమే లేదు.

8. తిరుగు ప్రయాణం

ఇక్కడ తేదీ ఎదురు తిరుగుతుంది. డిసెంబరు 20న డాలస్‌లో 19:10కి ఎక్కితే మన టైము 21వ తేదీ పొద్దున 06:40, చలికాలం కాబట్టి తేడా 11:30. దుబాయ్‌లో 21న 19:40కి దిగి 22:00కి లేస్తే, శంషాబాద్ చేరేది 22వ తేదీ 03:05. మొత్తం 20:25. పోయేటప్పటి కన్నా రెండున్నర గంటలు తక్కువ.

టికెట్ మీద దిగే టైము పక్కన "+2" అని చిన్నగా ఉంటుంది, ఎక్కిన తేదీకి రెండు రోజులు కలపాలని. తీసుకురావడానికి పోయేవాళ్లు ఇక్కడ కూడా 5వ అంశం చదవాలి. 22వ తేదీ 03:05 అంటే హన్మకొండలో 21 రాత్రి పదకొండున్నర ప్రాంతంలో బయల్దేరితే సరి. దిగినవాళ్లు పెట్టెలతో బయటికొచ్చేసరికి ఎలాగూ నాలుగవుతుంది.

9. గోడకు అంటించే చీటీ

లెక్కంతా అయ్యాక ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇవి రాసి, ఒకటి ఇంట్లో క్యాలెండర్ పక్కన అంటించండి, ఒకటి ప్రయాణం చేసేవాళ్ల పాస్‌పోర్టులో పెట్టండి. అన్ని టైములూ మనవే రాయాలి.

- ఇల్లు కదిలేది: జూన్ 14 రాత్రి 9:20
- విమానం లేచేది: తెల్లారితే 15, 4:20
- దుబాయ్‌లో దిగేది: 15 పొద్దున 8:10
- దుబాయ్‌లో లేచేది: 15 పొద్దున 11:10
- డాలస్‌లో దిగేది: 16 తెల్లవారుజాము 3:15
- బిడ్డ ఇంటికి చేరేది: 16 పొద్దున 5:45 సుమారు
- మాత్రల వేళలు: డాక్టరు రాసిచ్చినవి
- రెండు విమానాల నంబర్లు, బుకింగ్ నంబరు
- 15 పొద్దున 11:10 నుంచి 16 తెల్లవారుజాము 3:15 దాకా ఫోన్ కలవదు, కంగారు పడొద్దు